టెక్ సందేహాలు: రెండో బ్యాటరీ పెట్టే ముందు

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర పల్లె. పొలాలకు వెళ్లి బోరు మోటార్లు రిపేరు చేస్తాను. మినీ ట్రక్కులో ఇన్వర్టర్ పెట్టి గ్రైండరు, డ్రిల్లు, రాత్రిపూట లైట్లు నడుపుతున్నాను. సాయంత్రానికి బండి సెల్ఫ్ తీసుకోవడం లేదు. పక్కన ఇంకో బ్యాటరీ పెట్టి ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే చాలని మెకానిక్ చెప్పాడు. బ్లూటూత్ ఉన్న లిథియం బ్యాటరీ కొనమంటారా?

జవాబు: తోపుడు బండి మానేసి మినీ ట్రక్కులో టిఫిన్లు అమ్మేవాళ్లు, మైకు పెట్టి పండ్లు అమ్మేవాళ్లు, మీలాంటి పనివాళ్లు అందరూ ఇదే అడుగుతున్నారు. అందరికీ దొరుకుతున్న సలహా కూడా ఇదే, 'ప్లస్‌కి ప్లస్'. అలా కలిపితే ఆ రెండూ కలిసి ఒకే పెద్ద బ్యాటరీ అవుతాయి. ఇంజన్ ఆపి గ్రైండరు నడిపితే రెండూ ఖాళీ అవుతాయి, సెల్ఫ్‌కి మళ్లీ ఏమీ మిగలదు. బండి బ్యాటరీని పనిముట్ల నుంచి విడదీసే ఐసోలేటర్ మధ్యలో ఉండాలి.

బండి 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 మోడల్ అయితే ఐసోలేటర్ ఒక్కటీ సరిపోకపోవచ్చు. డీజిల్ ఆదా కోసం చాలా కొత్త బండ్లలో కంప్యూటరే డైనమో వోల్టేజీని తగ్గిస్తుంటుంది. అప్పుడు రెండో బ్యాటరీ సగం నిండి ఆగిపోతుంది. ఇలాంటి బండికి డీసీ-డీసీ ఛార్జర్ (డైనమో వోల్టేజీ తగ్గినా రెండో బ్యాటరీకి కావాల్సిన వోల్టేజీని, హద్దులో ఉన్న కరెంటును ఇచ్చే పరికరం) పెట్టించండి. లిథియం అయితే ఇది తప్పనిసరి. లిథియం డైనమో ఇవ్వగలిగినంతా లాగేస్తుంది, ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు డైనమో కాలిపోవచ్చు. అలాగని ఛార్జర్ పెట్టగానే బ్యాటరీ క్షణాల్లో నిండుతుందనుకోకండి. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ సగం వాడితే, 20 ఆంపియర్ల ఛార్జర్‌కి రెండున్నర గంటలు పడుతుంది. తిరుపతి నుంచి చిత్తూరు దాకా నడిపినా పూర్తిగా నిండదు.

ఇక తీగ. 850 వాట్ల గ్రైండరు 12 వోల్టుల మీద దాదాపు 80 ఆంపియర్లు లాగుతుంది. దీనికి ఇంటి వైరింగ్ తీగ వేసేవాళ్లున్నారు! వెల్డింగ్ కేబుల్ అంత లావుది కావాలి. రెండు బ్యాటరీల ప్లస్ దగ్గరా, జానెడు లోపలే, ఫ్యూజు ఉండాలి. ఒక్క చివర ఉంటే చాలదు. మధ్యలో తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే రెండు వైపుల నుంచీ వందల ఆంపియర్లు దూకుతాయి. ఫ్యూజు లేని తీగ ఎర్రగా కాలి మంట లేస్తుంది, పైగా మీ బండిలో డీజిల్ ఉంటుంది. మూడు నాలుగు వందల రూపాయల ఫ్యూజు దగ్గర బేరమాడే పనివాణ్ని నేనైతే బండి ముట్టుకోనివ్వను.

లిథియం పెట్టెను ఇంజన్ పక్కన పెట్టొద్దు. 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయొద్దని చాలావాటి మీద తయారీదారులే రాస్తారు. మే నెలలో మన వైపు ఎండలో నిలిపిన బండిలో ఆ వేడి మామూలే. సీటు వెనక, నీడపట్టున, గాలి ఆడేచోట పెట్టండి.

ఇన్ని చెప్పాక, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆ బ్లూటూత్. చౌక లిథియం బ్యాటరీల్లో చాలావాటికి పిన్ ఉండదు, ఉన్నా అన్నిటికీ 1234 లేదా 123456. బండి పార్కింగ్‌లో ఉండగా పది మీటర్ల దూరంలో నిలబడి ఎవరైనా అదే యాప్ తెరిస్తే మీ బ్యాటరీ కనిపిస్తుంది. కరెంటు ఆపేయొచ్చు. ఇంకా ఘోరం, ఛార్జింగ్ ఎక్కడ ఆగాలో నిర్ణయించే హద్దుల్ని మార్చొచ్చు, అంటే మంట పుట్టకుండా కాపాడే బోర్డునే మోసం చేయొచ్చు. ఆ పెట్టె తన పేరు ఎప్పుడూ బయటికి చాటుతూనే ఉంటుంది కాబట్టి ఏ బండిలో ఖరీదైన బ్యాటరీ ఉందో దొంగకు మూత ఎత్తకుండానే తెలుస్తుంది. పిన్ మార్చుకునే వీలు కూడా ఇవ్వకుండా ఇలాంటి వస్తువును అమ్మడం నిర్లక్ష్యం కాక ఇంకేమిటి? బ్యాటరీ శాతం చూడ్డానికి పెట్టె మీద చిన్న తెర చాలు.

యాప్‌ల సంగతీ అంతే. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికి లొకేషన్ అనుమతి కావాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ 12 నుంచి 'సమీపంలోని పరికరాలు' అని వేరే అనుమతి ఉంది. కొత్త ఫోన్లోనూ లొకేషన్ అడిగే, ఏ ఫోన్లోనైనా కాంటాక్టులు అడిగే బ్యాటరీ యాప్‌ని అనుమానించండి. బ్యాటరీకి మీ కాంటాక్టులతో పనేమిటి?

కొనేటప్పుడు పిన్ మార్చి చూపించమని దుకాణంలోనే అడగండి. మార్చలేకపోతే బ్లూటూత్ లేనిదే తీసుకోండి. రోజూ నడిపేది ఒక గ్రైండరు, నాలుగు లైట్లే అయితే సీల్డ్ డీప్ సైకిల్ (మళ్లీ మళ్లీ ఎక్కువగా వాడి నింపినా తట్టుకునే) లెడ్ యాసిడ్ బ్యాటరీ చాలు. బరువు ఎక్కువే, కానీ దాన్ని సగం కన్నా కిందికి దించకుండా వాడితే మన్నుతుంది, ఏ యాప్‌తోనూ పనిలేదు.