సిగరెట్ మానని నాన్నకు క్యాన్సర్ రాకుండా ఏ పండ్లు పెట్టాలి? యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మంచివేనా?

పండ్లు పెట్టండి, ఏవైనా సరే. మాత్రల సీసా మాత్రం కొనకండి. అందులో బీటా కెరోటిన్ (క్యారెట్‌కు నారింజ రంగునిచ్చే పదార్థం) ఉంటే అసలే వద్దు.

మా పెద్దనాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. చుట్ట ఆయన ప్రాణం. అమెరికాలో ఉన్న కొడుకు సీసా నిండా నారింజ రంగు బీటా కెరోటిన్ క్యాప్సూల్స్ పంపాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఒకటి నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్లు తాగి, అదే చేత్తో మొలలోంచి చుట్ట తీసేవారు. ఇదేమిటి పెద్దనాన్నా అంటే, ‘‘పొగ చేసిన చెడునంతా ఇది కడిగేస్తుందటమ్మా, మీ అన్నయ్య చెప్పాడు’’ అని నిశ్చింతగా అగ్గిపుల్ల గీసేవారు. వాకిట్లోనే ఎర్రజామ చెట్టు. చిలకలు సగం కొరికి పడేసిన కాయల్లో ఆ ఎర్రదనమంతా లైకోపీన్ అనే యాంటీ ఆక్సిడెంటే, పచ్చి టమాటాలో కన్నా ఎక్కువ. ఆయన మాత్రం ముట్టరు. గింజలు పళ్లలో ఇరుక్కుంటాయట!

ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద ఇదే పరీక్షించారు. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగిన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. అమెరికాలో, విటమిన్ ఎ కూడా కలిపి ఇచ్చిన మరో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. పొగ నిండిన ఊపిరితిత్తుల్లో అంత మోతాదు కెరోటిన్ విరిగి, తానే హానికరంగా మారుతుందని శాస్త్రవేత్తల అనుమానం. తిండి ద్వారా కెరోటిన్ ఎక్కువగా అందిన వాళ్లకు మాత్రం ఆ ఫిన్లాండ్ లెక్కల్లోనే క్యాన్సర్ తక్కువగా కనిపించింది. పండులో పీచు, విటమిన్లు, ఇంకా ఎన్నో కలిసి ఉంటాయి. ఒక్కదాన్ని లాగి సీసాలో పెడితే అది పండు ఎలా అవుతుంది? వడగట్టి, చక్కెర వేసి ఇచ్చే రసాన్నీ నేను పండు లెక్కలో వేయను. ఇక లక్ష్మణ ఫలం కీమో కంటే పదివేల రెట్లు మేలని మా బంధువుల గ్రూపులో పండగ శుభాకాంక్షల్లా తిరుగుతూనే ఉంటుంది. ప్రయోగశాలలో కణాల మీద చూసిన సంగతిని మనిషికి అంటగట్టడమే అది.

అసలు మా వైపు అడ్డపొగ తాగే ముసలమ్మలున్నారు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. వాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్‌ను ఏ దానిమ్మ ఆపింది? మీ నాన్నగారికి జామకాయ కోసిచ్చి, 1800112356కు ఫోన్ కలపండి. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ నంబరు, డబ్బులేమీ పడవు.