అక్కావాళ్ల ల్యాండ్‌లైన్ తీయించే ముందు

నాయనా,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన అక్కావాళ్ల, అదే మీ అమ్మానాన్నల, ల్యాండ్‌లైన్ ఫోను బిల్లు చూశాను. ఇంత కట్టడం దండగ, తీయించేద్దాం అన్నావు. తొందరపడకు. నంబరు పోకుండానే ఖర్చు తగ్గించవచ్చు.

ముందు ఆ బిల్లు నిదానంగా చదువు. కాల్స్‌కి పడింది ఎంతో లేదు. డబ్బంతా నెలవారీ అద్దెకీ, దాని మీద 18 శాతం జీఎస్టీకీ, గడువు దాటాక కట్టినందుకు పడ్డ ఆలస్య రుసుముకీ పోతోంది. మా రోజుల్లో లెక్క వేరుగా ఉండేది. పగలు వేరే ఊరికి ఎస్‌టీడీ కాల్ చెయ్యాలంటే భయం, రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది, అందుకే ఆ వేళకి ఎస్‌టీడీ బూత్‌ల దగ్గర జనం కాచుకునేవారు. 2006లో బీఎస్ఎన్ఎల్ వన్ ఇండియా ప్లాన్ తెచ్చాక దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అయింది. ఆ తర్వాత కాల్ ధర ఇంకా దిగింది. కాబట్టి ఫోను తక్కువ మాట్లాడమని మీ అమ్మకి చెప్పకు. దానివల్ల మిగిలేదేమీ లేదు, పైగా ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుంది. మిగిలేదంతా ప్లాన్ మార్చే దగ్గరే.

ఆ ఇంట్లో రెండు బిల్లులు నడుస్తున్నాయి, గమనించావా? పాత రాగి తీగ ఫోనుకి ఒకటి, నెట్‌కి వేరే కంపెనీది ఇంకొకటి. ఇప్పుడు రాగికి బదులు సన్నటి గాజు తీగలో వచ్చే ఫైబర్ కనెక్షన్ ఏది తీసుకున్నా దాదాపు అన్నిటిలోనూ నెట్‌తో పాటు అపరిమిత కాల్స్ ఇస్తున్నారు. రెండూ ఒకదాంట్లో కలిపేస్తే ఒక అద్దె మొత్తంగా తప్పుతుంది. కొత్త ఫోను కూడా కొననక్కర్లేదు. ఇంట్లో పెట్టే ఫైబర్ డబ్బాకి, అదే మోడెమ్‌కి, వెనకాల ఫోను పోర్టు ఉంటుంది, పాత సెట్టు తీసి దానికి తగిలిస్తే చాలు. అద్దెకి ఇచ్చే మోడెమ్ తీసుకుంటే నెలనెలా ఎంత, డిపాజిట్ ఎంత, సొంతంగా కొంటే ఎంత అని మూడు రకాలుగానూ అడుగు.

నంబరు సంగతి జాగ్రత్తగా విను. మొబైల్ నంబరులా ల్యాండ్‌లైన్ నంబరుని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మన దేశంలో తీసుకెళ్లలేం. అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కి మారితే పాత నంబరు ఉంచుకునే వీలుంటుంది, బీఎస్ఎన్ఎల్‌లో ఉంది. 0891తో మొదలయ్యే ఆ నంబరు శ్రీకాకుళం చుట్టాల దగ్గర్నుంచి డాక్టరు గారి డైరీ దాకా అందరి దగ్గరా ఉంది. చుట్టాలు గుర్తుపెట్టుకున్నది కూడా అదొక్కటే. అందుకని ముందు పాత కంపెనీ ఫైబర్ ప్లాన్లే అడుగు. దరఖాస్తులోనే "నంబరు మారకూడదు" అని రాయించు. నోటిమాట సరిపోదు. అది కుదరకపోతేనే జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి చూడు. అప్పుడు కూడా కొత్తది బాగా నడిచి, నంబరు అందరికీ చేరేదాకా పాతది తీయించకు.

ఇక నేను గట్టిగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. రాగి తీగ ఫోనుకి కరెంటు ఎక్స్చేంజి నుంచే తీగలో వస్తుంది, ఇంట్లో కరెంటు పోయినా మోగుతుంది. ఫైబర్ అలా కాదు. ఇంట్లో కరెంటు పోతే డబ్బా ఆగిపోతుంది, దాంతో ఫోనూ ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు విశాఖ ఎలా అయిందో నీకు తెలుసు కదా, రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నళ్లూ లేవు. ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉంటున్నారు. ఫైబర్ పెట్టించిన రోజే దానికి ఒక మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా నడిపించే చిన్న బ్యాటరీ, కొని తగిలించు, రూటర్ల కోసమే అమ్ముతారు, డబ్బా అడాప్టరు ఎన్ని వోల్టులో చూసి తీసుకో. నాలుగైదు గంటలు నిలబడితే మామూలు కోతలకి చాలు. తుఫాను రోజుల తరబడి ఉంటే అదీ చాలదు కాబట్టి నాన్నగారి సెల్లుకి పవర్ బ్యాంకు నింపి ఉంచమను. మరి రాగే ఉంచుకోవచ్చుగా అంటావేమో. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ఉప్పుగాలికి జాయింట్లు చిలుము పడతాయి, వానొస్తే లైనులో గరగర తప్పదు. పైగా నెట్‌కి వేరే బిల్లు అలాగే ఉంటుంది.

ప్లాన్ ధర అడిగినప్పుడు జీఎస్టీతో కలిపి ఎంతో అడుగు. 399 అంటే చేతి నుంచి పోయేది 471 దాకా. అక్కావాళ్లు సినిమాల యాప్‌లు చూడరు, వాటితో వచ్చే పెద్ద ప్లాన్ జోలికి పోకు. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గింపు ఉంటుంది, కానీ కొత్త కంపెనీకి మొదటే అలా కట్టకు, ఒక వానాకాలం గడిచాక చూడు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ప్రకారం చేరిన రోజు నుంచి ఆరు నెలలు ఆ ప్లాన్ రేటు పెంచకూడదు, నువ్వు మాత్రం ఈలోపే ఇంకో ప్లాన్‌కి మారొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వీధిలో లైను చెడితే వచ్చి బాగుచేసేది ఎవరో కనుక్కో. ఫైబర్ చాలాచోట్ల స్థానిక కేబుల్ వాళ్ల చేతిలోనే ఉంటుంది, ఒకే కంపెనీ పక్కపక్క వీధుల్లోనే ఒకచోట బాగా, ఒకచోట అధ్వానంగా నడుస్తుంది. కింది పోర్షన్ వాళ్లని, ఎదురింటివాళ్లని అడిగితే నిజం తెలుస్తుంది.

చిన్న చిన్నవి కొన్ని. 1800తో మొదలయ్యే నంబర్లు ఉచితం, 1860తో మొదలయ్యేవాటికి లోకల్ కాల్ రేటు పడుతుంది, బావగారు బ్యాంకువాళ్లతో ఎక్కువసేపు మాట్లాడతారు కాబట్టి చెప్తున్నాను. అమెరికాలో ఉన్న మీ చెల్లెలికి ఫోన్లు వాట్సాప్‌లోనే, ల్యాండ్‌లైన్‌కి విదేశాలకి చేసే ఐఎస్‌డీ సౌకర్యం తీయించేయి. బిల్లు బ్యాంకు నుంచి తనంతట తానే కట్టుకునేలా పెడితే ఆలస్య రుసుము ఉండదు. అక్కావాళ్లు నీ దగ్గరకొచ్చి నెలల తరబడి ఉండేటట్టయితే, లైను కొన్నాళ్లు ఆపి ఉంచే సేఫ్ కస్టడీ సౌకర్యం ఉందేమో అడుగు, లైను పోదు, అద్దె తగ్గుతుంది. ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకి ఇచ్చే నంబరు, రాసుకో. దాంతో పని కాకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారికి వెళ్లే హక్కు నీకుంది.

ఏదైనా కనెక్షన్ తీయించాల్సి వస్తే రాతపూర్వకంగా ఇచ్చి, మోడెమ్ అప్పజెప్పినట్టు రసీదు తీసుకో, డిపాజిట్ వెనక్కి రావాలి. పాత డిపాజిట్ కాగితం బీరువాలో ఉంటుంది, అక్కని వెతకమను. వచ్చే ఆదివారం నేను అటు వెళ్తాను, ఆ లోపు నెట్ బిల్లు కూడా పంపు, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏ ప్లాన్ సరిపోతుందో బావగారితో కూర్చుని తేలుస్తాం.

దీవెనలతో,
మావయ్య