ముందు వేరు చూడు

చిట్టితల్లీ,

నీకు సెంట్రల్ యూనివర్సిటీలో పిహెచ్‌డి సీటొచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. మైకోరైజా మీద, అంటే మొక్క వేళ్ళకీ శిలీంధ్రానికీ ఉండే పొత్తు మీద, అందులోనూ మొక్క ప్రొటీన్ల మీదేనట. వాడు చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఫోన్ పెట్టేశాక బెంగ పట్టుకుంది. ఆ పని మనిషిని ఎంత తిప్పలు పెడుతుందో తెలిసినదాన్ని కదా.

చదవాల్సినవి మీ గైడ్ చెబుతారు. తేదీ వేయకుండా నోట్‌బుక్కులో ఒక్క ముక్క రాయకు. వేళకి తిను.

నువ్వు ఎంచుకున్నది గొప్ప విషయమే తల్లీ. సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటి మొక్కల శిలాజాల్లోనే ఈ పొత్తు కనబడింది. ఫాస్ఫేటు కరువైన వేరు స్ట్రిగోలాక్టోన్లు అనే రసాయనాలు వదులుతుంది, శిలీంధ్రం పోగులు అటువైపు కొమ్మలు వేస్తాయి. వేరు కణం న్యూక్లియస్‌లో కాల్షియం ఎగసిపడుతుంటే సీసీఏఎంకే అనే ప్రొటీన్ ఆ సంకేతాన్ని అందుకుని సైక్లాప్స్ అనే మరో ప్రొటీన్‌ను కదిలిస్తుంది. పోగు కణంలోకి చేరి చిన్న చెట్టులా విచ్చుకుంటుంది, అదే ఆర్బస్క్యూల్. దాని చుట్టూ మొక్క అల్లిన పొరలో పీటీ4 అనే ప్రొటీన్ కూర్చుని ఫాస్ఫేటును లోపలికి లాగుతుంది. బదులుగా మొక్క చక్కెరతో పాటు కొవ్వునూ ఇస్తుంది. మెడికాగో అనే మొక్కలో పీటీ4 తీసేస్తే ఆర్బస్క్యూల్స్ వస్తాయి కానీ అకాలంగా చచ్చిపోతాయి. ఆలస్యంగా చూసినవాళ్ళకి అసలు రానేలేదనిపిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం తీరిగ్గా చెప్పాలి. నేను చేరిన కొత్తలో మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, చాలా చురుకైనవాడు. టమాటాలో ఒక జన్యువును అణిచి, దాని ప్రొటీన్ లేకపోతే శిలీంధ్రం వేరులోకి రాదని తేల్చాడు. సెమినార్‌లో అందరం చప్పట్లు కొట్టాం. కుండీలు ఖాళీ చేసే పని నాకు పడింది. పోలిక కోసం జన్యువు అణచకుండా పెంచిన మామూలు మొక్కల వేళ్ళు పారేయబుద్ధి కాక గుప్పెడు తెచ్చి, కాస్టిక్ పొటాష్‌లో ఉడికించి, రంగేసి చూశాను. నీలం పోగు ఒక్కటీ లేదు. జన్యువు భేషుగ్గా ఉన్న మొక్కల్లోనూ శిలీంధ్రం లేదు! ఆరా తీస్తే తెలిసింది, ఆకులు పాలిపోయాయని నెట్‌హౌస్ చూసుకునే పెద్దాయన జాలిపడి అన్ని కుండీల్లోనూ ఫాస్ఫేటు ఉండే డీఏపీ ఎరువు గుళికలు వేశాడట. ఫాస్ఫేటు పుష్కలంగా దొరికితే మొక్క ఈ పొత్తు మానుకుంటుంది. అలాంటప్పుడు, పొత్తుకు కావాల్సిన జన్యువులను నడిపే పీహెచ్‌ఆర్ ప్రొటీన్లను ఎస్‌పీఎక్స్ ప్రొటీన్లు పట్టి ఉంచుతాయని ఇప్పుడు మీకు తెలుసు, అప్పుడు మాకు తెలియదు. ఆ సీనియర్ జన్యువు అణిగిందని చూపే జెల్ బ్యాండ్లు చూసి మురిశాడే తప్ప, కంట్రోల్ వేళ్ళను, అంటే ఆ మామూలు మొక్కల వేళ్ళను మైక్రోస్కోపు కింద పెట్టలేదు. మళ్ళీ విత్తనం నుంచి మొదలుపెట్టాడు పాపం. చాన్నాళ్ళు క్యాంటీన్‌లో తల ఎత్తలేదు. ఆ పెద్దాయన్ని మాత్రం ఒక్క మాట అనలేదు, అందుకే అతనంటే నాకిప్పటికీ గౌరవం.

కాబట్టి కుండీలకు నీళ్ళూ పోషకాలూ నువ్వే పొయ్యి. మట్టిలో ఫాస్ఫేటు ముందే పరీక్ష చేయించు. శిలీంధ్రం పట్టని మొక్క పోలికకి కావాలంటే ఆవాలు వెయ్యి, ఆ జాతి ఈ పొత్తును ఎప్పుడో వదులుకుంది. ఏ ప్రొటీన్ గురించైనా ఒక మాట అనే ముందు వేరు చూడు. చిన్నప్పటి నుంచీ నీకు తొందర ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కోపం కాదమ్మా.

వేళ్ళకి వేసే ట్రిపాన్ బ్లూ రంగును ఒట్టి చేతులతో ముట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను. అది క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉంది. నల్ల సిరా, వెనిగర్‌తోనూ పోగులు చక్కగా కనబడతాయి, మీ గైడ్‌ని అడుగు. వేడి పొటాష్ తీసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో. మీ క్యాంపస్ అంతా రాళ్ళూ పొదలూ, పాములుంటాయి. చీకటి పడ్డాక టార్చి లేకుండా ఒక్కదానివే నడవకు.

మొదటి స్లైడ్లు తయారయ్యాక ఏదో ఒక ఆదివారం తార్నాకలో మా ఇంటికి వచ్చెయ్. గళ్ళ మీద వేళ్ళు పరిచి ఎంత మేర శిలీంధ్రం పట్టిందో లెక్కపెట్టడం ఉత్తరంలో చెబితే రాదు, పక్కన కూర్చుని చూపిస్తాను. కంట్రోల్ స్లైడ్లు కూడా తీసుకురా.

నీ మేనత్త