కౌలుకిచ్చిన పొలానికి వచ్చే రైతు భరోసా ఎవరిది?

ఊళ్లో పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నామనీ, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పంట పెట్టుబడి సాయం రైతు భరోసా మా ఖాతాలో పడుతోందనీ, అది కౌలు రైతుకు ఇవ్వాలా అనీ అడిగారు. నిబంధన ప్రకారం ఇవ్వనవసరం లేదు. పాసుపుస్తకంలో ఎవరి పేరుంటే వారికే డబ్బు. నాదీ మీ పరిస్థితే కాబట్టి నేనేం చేశానో చెబుతాను.

2018 మేలో ఈ సాయం రైతుబంధు పేరుతో మొదలైనప్పుడు ఒక్కో పంటకాలానికి ఎకరానికి 4,000 చొప్పున చెక్కులు పంచారు. మాకు నాలుగెకరాలు. చెక్కు తీసుకోవడానికి హైదరాబాద్ నుంచి వెళ్లాను. బస్సు దిగిన చోటి నుంచి పంచాయతీ ఆఫీసుకు నన్ను బండి మీద తీసుకెళ్లింది మా కౌలు రైతే. వరసకు మామ అంటాను. బండికి తగిలించిన సంచిలో ఎనిమిది పత్తి గింజల ప్యాకెట్లు, ఒక్కోటి 740 రూపాయలు. ఆ ఉదయమే దుకాణంలో అప్పు రాయించి తెచ్చాడట. ఉగాదికే నాకు కౌలు 40,000 కట్టేశాడు మరి. విత్తనాలకూ ఎరువులకూ అని ప్రభుత్వం ఇచ్చిన 16,000 నా జేబులో, విత్తనాల అప్పు ఆయన నెత్తిన. చెక్కు చూసి “మంచిదే అల్లుడా” అన్నాడు. అంతే.

2019 వానాకాలం నుంచి సాయం 5,000 అయింది. రైతుబంధులో ఎకరాలకు పరిమితి కూడా ఉండేది కాదు, ఎంత భూమి ఉంటే అంత డబ్బు. నేను ఆదాయపన్ను కడతాను కాబట్టి కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సాయం రాదు. రైతుబంధుకు ఆ అడ్డు ఉండేది కాదు. మా పొలంలో యాసంగి పంట వేయరు, అయినా ఆ విడతా వచ్చేది. ఇంకా ఇబ్బందిపెట్టేది రైతు బీమా. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వచ్చే ఆ బీమా నా పేరున ఉంది. పురుగుమందు కొట్టేది, రాత్రిపూట మోటారు వేయడానికి వెళ్లేది మామ.

పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు (యజమాని) పేరు పక్కన సాగు చేసేవారి పేరు రాసే అనుభవదారు గడి ఉండేది. కొత్త పాసుపుస్తకాల్లో అది లేదు. ఆంధ్రలో కౌలు రైతుకు 11 నెలల సాగుహక్కు పత్రం ఇస్తారు గానీ, దానికీ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని మన పెద్దలకు భయం. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా కూడా, ఏడాదికి ఎకరానికి 12,000, పట్టాదారు ఖాతాకే.

నేను చేసింది ఇది: వానాకాలం విడతను కౌలులో తగ్గిస్తున్నాను, యాసంగిది ఉంచుకుంటున్నాను. అంత దానకర్ణుణ్ణి కాను. దానికే మా పెద్దనాన్న కొడుకు “నువ్వు తగ్గిస్తే రేపు మా కౌలుదారూ అడుగుతాడు” అని నెల రోజులు మాట్లాడలేదు.

మీరూ ఇవ్వాలనుకుంటే డబ్బు పడ్డాక చూద్దామనుకోకండి. పిల్లల ఫీజుకో, బండి వాయిదాకో పోతుంది. ఉగాదికి కౌలు మాట్లాడుకునేటప్పుడే తగ్గించి, తెల్లకాగితం మీద రాసుకోండి. మా ఊళ్లో బ్యాంకు సందేశం కంటే ముందే మామ ఫోను వస్తుంది: “అల్లుడా, పడ్డాయట, చూసుకో.”