అమ్మలూ, యుక్కాని హాల్లో మూలకి తొయ్యకు

అమ్మలూ,

కొత్త ఫ్లాట్‌లోకి నువ్వు రెండు పెద్ద యుక్కా మొక్కలు తెప్పించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నప్పుడు మన కడియం నర్సరీలో అడుగు పెడితే చెప్పులకి బురద అంటుతుందని గునిసే పిల్లవి. ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే మొక్కలు కొంటున్నావంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ మీ అమ్మ అంతటితో ఆపలేదు. ఒకటి బాల్కనీలో, రెండోది హాల్లో టీవీ వెనక నైరుతి మూల పెడతావట. అక్కడ బరువుండాలని ఎవరో చెప్పారట. అప్పట్నించి నాకు ఒకటే టెన్షన్.

బరువే కావాలంటే ఆ మూల బీరువా పెట్టుకో. యుక్కాకి కావలసింది వెలుగు.

కుండీకి అడుగున చిల్లు ఉండాలని, మట్టిలో ఇసుక పాలు ఎక్కువుండాలని, మట్టి లోపలిదాకా ఆరాకే నీళ్లు పొయ్యాలని నీకు తెలిసే ఉంటుంది. వాటి గురించి ఇంతకంటే రాయను. వెలుగు సంగతి మాత్రం నిదానంగా చదువు.

మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. కిటికీకి ఆరేడడుగుల దూరంలో కూడా గది మనకి వెలుతురుగానే కనిపిస్తుంది, పేపరు చదువుకుంటాం. మొక్కకి ఆ వెలుగు చాలదు. మధ్యాహ్నం లైట్లన్నీ ఆర్పేసి, మొక్క పెట్టాలనుకున్న చోట అరచెయ్యి చాపి చూడు. నీడ అంచులు తేటగా కనిపిస్తే యుక్కా అక్కడ హాయిగా ఉంటుంది. మసకగా పడితే బతుకుతుంది కానీ పెరగదు. నీడే పడకపోతే అక్కడ పెట్టకు. చీకట్లో పెడితే వెంటనే చావదు, అదే దానితో వచ్చిన చిక్కు. నెలల తరబడి బాగున్నట్టే కనిపిస్తుంది. తర్వాత చిగురు పాలిపోయి, ఆకులు సన్నగా సాగి వేలాడతాయి. అప్పటికి మనం మందు కొట్టాలేమో, ఎరువు వెయ్యాలేమో అని చూస్తాం.

ఇళ్లలో పెంచే ఈ యుక్కాది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. ఎల్ సాల్వడార్‌కి దాని పువ్వే జాతీయ పుష్పం. ఆ దేశ రాజధాని శాన్ సాల్వడార్, మన తిరుపతి ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అంటే దానికి మన ఎండ కొత్త కాదు. నువ్వు వీడియోలు చూస్తావు కదా, ఇంగ్లండు, అమెరికా వాళ్లు దక్షిణం కిటికీ దగ్గర పెట్టమంటారు. అక్కడ ఏడాది పొడుగునా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానే ఉంటాడు, వాళ్లకది సరిపోతుంది. మనకి అలా కాదు.

నీ బాల్కనీ దక్షిణం వైపు ఉందట. ఇప్పుడు కార్తీకం. ఎండ బాల్కనీ నిండా పరుచుకుని హాల్లోకి కూడా రెండు మూడడుగులు వస్తూ ఉంటుంది. సంక్రాంతి దాకా అలాగే వస్తుంది. అది చూసి ఏడాదంతా ఇంతే అనుకుంటావు. ఉగాది నాటికి ఎండ వెనక్కి తగ్గి రెయిలింగ్ దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మనకి ఉత్తరంగానే తిరుగుతాడు. ఊరంతా ఎండకి మాడిపోతున్న ఆ రోజుల్లో నీ దక్షిణం బాల్కనీలోకి ఒక్క ఎండపొడ రాదు! అదే సమయంలో ఉత్తరం వైపు, మీ వంటగది వెనక బట్టలు ఉతికే చోట, పొద్దునా సాయంత్రం ఎండ పడుతుంది. వాషింగ్ మెషిన్ పక్కన మొక్కేంటని అనుకోకు. ఏప్రిల్ నుంచి ఒకదాన్ని అక్కడ ఉంచు. ఆ వెంటనే వానలు, మబ్బులు. ఆషాఢ శ్రావణాల్లో ఏ మూలైనా వెలుగు తగ్గుతుంది కాబట్టి రెండింటినీ బాల్కనీ అంచుకి జరుపు, నీళ్లు బాగా తగ్గించు.

జరపడం అన్నాను కదా, అది ఒక్కసారిగా చెయ్యకూడదు. మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు కాబట్టి నేను చెబుతున్నాను.

వాడు కొత్తగా వ్యాపారంలోకి వచ్చిన రోజులు. రాజమండ్రిలో కొత్తగా కట్టిన ఒక కల్యాణమండపం వాళ్లు యుక్కాలు అడిగారు. మన దగ్గరవి ఎండని ఆపే గ్రీన్ నెట్ కింద పెరిగినవి, ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడేవి. రోహిణి కార్తెలో లారీ ఎక్కించి తీసుకెళ్లి, మండపం ముందు సిమెంటు గచ్చు మీద పడమటి ఎండకి వరసగా నిలబెట్టి వచ్చాడు. నాలుగైదు రోజులకి ఆకుల మీద తెల్లటి మచ్చలు తేలాయి. ముట్టుకుంటే పాత పేపరులా గరగరలాడి చిరిగిపోయేవి. వాళ్లు ఫోన్ చేస్తే మీ నాన్న మొక్కలకి దాహమేస్తోందనుకుని పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టించాడు. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, ఎన్ని నీళ్లు పోసినా. వారం గడిచాక ఎండ దెబ్బని అర్థమై, అన్నిటినీ ఒకేసారి లోపల భోజనాల హాల్లోకి మార్పించాడు. కిటికీలకి మందపాటి తెరలు, పెళ్లి లేని రోజున లైటు కూడా వెయ్యరు. నీళ్లు మాత్రం రోజుకి రెండుసార్లు పడుతూనే ఉన్నాయి, ఆపమని ఎవరూ చెప్పలేదు మరి. ఎండలో తాగినన్ని నీళ్లు మొక్క చీకట్లో తాగదు. తాగని నీళ్లు వేళ్ల దగ్గరే నిలిచి కుళ్లబెడతాయి.

తొలకరి పడ్డాక మీ తాతయ్య వెళ్లి కాండం నొక్కి చూస్తే బొటనవేలు లోపలికి దిగింది. గుప్పున కుళ్లు వాసన. మీ నాన్న అక్కడే తల దించుకుని నిలబడ్డాడు. తాతయ్య ఒక్క మాట అనలేదు. పైన గట్టిగా ఉన్నంత వరకు రంపంతో కోయించి, కోసినచోట నీడలో ఆరనిచ్చి, ఇసుకలో నాటమన్నారు. మన గేటు పక్కన ఉన్నాయే, నువ్వు సైకిలు ఆనించేదానివి, అవి ఆ బతికినవే. ఇప్పటికీ ఎండాకాలంలో లోడు బయల్దేరుతుంటే మీ నాన్న లారీ దగ్గరికెళ్లి "దింపాక ముందు నీడలో ఉంచమను" అని డ్రైవరుకి రెండుసార్లు చెబుతాడు. నేను ఈ సంగతి రాశానని వాడితో అనకు.

అందుకని మొక్క రాగానే అది నెట్ కింద పెరిగిందో ఆరుబయట పెరిగిందో అమ్మినవాళ్లని అడుగు. నెట్ కిందదైతే మొదటి వారం పొద్దుటెండ గంటసేపు, తర్వాత వారం రెండు గంటలు, అలా మూడు వారాల్లో అలవాటు చెయ్యి. లోపలికి తెచ్చేటప్పుడు నీళ్లు కూడా తగ్గించు. పదిహేను రోజులకోసారి కుండీని పావు వంతు తిప్పు, లేకపోతే వెలుగు వైపు ఒరుగుతుంది. హైదరాబాదు దుమ్ము ఆకుల మీద పేరుకుంటే వచ్చే వెలుగు కూడా అందదు, తడిగుడ్డతో తుడుస్తూ ఉండు. మీ బాల్కనీ తలుపుకి నల్ల అద్దం ఉంటే దాని వెనక పడే వెలుగుని లెక్కలోకి తీసుకోకు, అద్దానికి బయటే ఉంచు.

ఇంకొకటి, ఇది వెలుగు సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. ఆకు కొసని వేలితో తాకి చూడు. మెత్తగా ఉంటే సరే. సూదిలా గుచ్చుకుంటే అది వేరే రకం, ఇంట్లో పెంచేది కాదు, వెనక్కి ఇచ్చెయ్యి. మన దగ్గర పనిచేసే ఒకతనికి వంగినప్పుడు ఆ కొస కంట్లో దిగింది. మన బుజ్జిగాడు ఇప్పుడిప్పుడే పట్టుకుని నిలబడుతున్నాడు. వాడి కళ్లు సరిగ్గా ఆ ఎత్తులో ఉంటాయి, నాకు తలుచుకుంటేనే భయం.

ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి బాల్కనీ ఒకటి, ఉతికే చోటు ఒకటి, ఫోటోలు తీసి పంపు. ఎండ ఎంతవరకు వస్తోందో చూసి ఏది ఎక్కడ పెట్టాలో చెబుతాను. అప్పటిదాకా రెండూ బాల్కనీలోనే, ఎండ తగలని గోడ పక్కన ఉండనీ.

నీ అత్త