కొడుకు మాట వినపడుతుంది, కోడలి మాట వినపడదా?

మా అత్తయ్యకు 74 ఏళ్లు. మావారు ఒక్కసారి చెబితే వినపడుతుంది, నేను వంటింట్లోంచి నాలుగుసార్లు పిలిచినా పలకదు. గట్టిగా అరిస్తే కసురుతున్నానని ఏడుస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు. ఈ వయసులో చెవి మిషను దండగ అంటారు మావారు. ఆర్నెల్లు బావగారింటికి పంపడానికి ఆయన్ని ఎలా ఒప్పించను?
– ఓ సోదరి, తెనాలి

బావగారింటి సంగతి వదిలేయండమ్మా. ఎక్కడికి పంపినా ఆవిడ వెంట వెళ్లేది ఆ చెవులే.

ఆవిడ నటించడం లేదు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి ధ్వనులు. ఆడవాళ్ల గొంతు, పసిపిల్లల గొంతు సన్నన. మగ గొంతు కాస్త బొంగురు కాబట్టి కొడుకు మాట అందుతోంది. మాటలోనూ అచ్చులు వినపడి హల్లులు జారిపోతాయి. తాత, కాక, పాప మూడూ ఆవిడకు ఒకేలా తోచవచ్చు. ఎవరో పిలిచారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. ఊహించి ఏదో జవాబిస్తే ఇంట్లో నవ్వుతారు. ఇక ఆవిడ మాట్లాడటమే మానేస్తారు. మిక్సీ తిరుగుతుంటే మరీ కష్టం. అరిస్తే చప్పుడు పెరుగుతుందే తప్ప మాట తేటపడదు, పైగా అలాంటి చెవులకు పెద్ద శబ్దం బాధ పెడుతుంది. మీ ముఖంలో విసుగు మాత్రం ఆవిడకు చక్కగా కనిపిస్తుంది.

ఆ శంఖం సామెత ఇంట్లో ఇంకెప్పుడూ అనకండి. పిల్లలు వింటారు.

మీ ఉత్తరంలో నన్ను కలచివేసింది మీ ఆయన. చత్వారం వస్తే కళ్లజోడు ఎవరికీ దండగ కాదు, తల్లి చెవి దగ్గరికొచ్చేసరికి దండగా? తన మాట ఆవిడకు అందుతోంది కాబట్టి ఆయనకు బాధ తెలియడం లేదు. మీరూ అత్తగారూ ఒకరినొకరు తప్పుపట్టుకుంటుంటే ఆయన చూస్తూ ఊరుకున్నారు. కన్నతల్లి చెవుల బాధ్యత ముందు కొడుకుది. అది కోడలి ఓర్పుకు పరీక్ష కాకూడదు, నేను నమ్మేది ఇదే.

ఈఎన్‌టీ డాక్టరుకు చూపించమనండి. గులిమి అడ్డుపడినా వినపడదు, ముందు అది చూస్తారు. తర్వాత రెండు చెవులకూ వినికిడి పరీక్ష. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) లోపం ఉంటేనే వైకల్యంగా లెక్కలోకి తీసుకుంటుంది, ఇంట్లో ఇబ్బంది అంతకు చాలా ముందే మొదలవుతుంది. కాబట్టి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ రాకపోతే ఏమీ లేదనుకోవద్దు. మిషను పెట్టిన మొదట్లో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు కూడా మీద పడతాయి. అలవాటుకు వారాలు పడుతుంది. చాలామంది అప్పుడే తీసి బీరువాలో పెట్టేస్తారు, ఆ పని చేయనివ్వకండి. ఈలోగా మీరు దగ్గరికెళ్లి, భుజం తట్టి, వెలుతురులో ఎదురుగా నిలబడి మామూలు గొంతుతో చెప్పండి. అందకపోతే మాట మార్చి చెప్పండి.

ఆస్పత్రికి మీరు తోడు వెళ్లొద్దు. ఆ ఒక్కరోజు సెలవు ఆయనే పెట్టాలి.