మేమే ఫోన్ చేస్తాం అన్నాక

అమ్మలూ,

పైడిభీమవరం ఫార్మా కంపెనీలో నీ ఇంటర్వ్యూ అయి, మేమే ఫోన్ చేస్తాం అని వాళ్లన్నాక వారం దాటిపోయిందని, ఫోన్ చేతిలోంచి దించడం లేదని, అన్నం కూడా సరిగా తినడం లేదని మీ అమ్మ చెప్పింది. అలాంటి ఫార్మా కంపెనీలోనే, ఉద్యోగాల్లోకి తీసుకునే పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో బల్లకి అవతలి పక్క కూర్చుని రిటైరైన వాణ్ణి నేను. అక్కడ ఏం జరుగుతుందో చెబితే నీ బెంగ కొంత తగ్గుతుందని ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబుదామంటే మీ నాన్నగారు మధ్యలో అందుకుంటారు.

కబురు రాలేదంటే నిన్ను వద్దనుకున్నారని కాదు. ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే ల్యాబ్ మేనేజర్ పేర్ల పక్కన టిక్కులు పెట్టేస్తాడు. అసలు ఆలస్యం ఆ తర్వాతే. ఆ కాగితం యూనిట్ హెడ్ దగ్గరికి, అక్కణ్ణుంచి హైదరాబాద్ హెడ్డాఫీసుకి వెళ్లాలి. ఈ పోస్టుకి బడ్జెట్ ఉందా, ఎవరైనా మానేస్తే వచ్చిన ఖాళీయా, కొత్తదా అని వాళ్లు అడుగుతారు. జవాబు రాయాల్సిన మేనేజర్ సెలవులో ఉంటాడు. ఈలోగా ఆడిట్ వస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు ప్లాంటులో ఉన్నన్ని రోజులూ క్వాలిటీ వాళ్లకి ఊపిరి సలపదు, కొత్తవాళ్ల ఫైలు ముట్టుకునే నాథుడే ఉండడు.

ఎవరూ పైకి చెప్పని సంగతి ఇంకొకటుంది. మొదటి పేరుకి ఆఫర్ ఇచ్చి, ఆ మనిషి చేరతాడో లేదో తేలేదాకా రెండో పేరుని అలా అట్టేపెడతారు. రమ్మనరు, వద్దనరు. మొదటివాడు హైదరాబాద్‌లో ఇంకేదో చూసుకుని రాకుండా పోతాడు. అప్పుడు రెండో మనిషికి ఫోన్ చేసి ఎల్లుండే చేరమంటారు. ఈ మధ్య రోజులన్నీ ఆ మనిషి తనకేం రాదని కుమిలిపోతూ ఉంటాడు, పాపం.

అలాగని ఆశ పెట్టుకుని కూర్చోమనడం లేదు. వద్దనుకున్నవాళ్లకి ఆ మాటైనా చెప్పని కంపెనీలు చాలా ఉన్నాయి. ఒక చిన్న మెయిల్ పెట్టడానికి వీళ్లకేం రోగమో నాకు సర్వీసులో ఉన్నప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కావడం లేదు. నీ వైపు నుంచి చూస్తే మాత్రం రెండు మౌనాలూ ఒకేలా ఉంటాయి. అందుకని "ఆ సార్ నవ్వాడు, అంటే ఓకేనేమో", "పది నిమిషాల్లో పంపేశారు, అంటే పోయినట్టేనేమో" అని లెక్కలు వేసుకోకు. మేం పది నిమిషాల్లో పంపి తీసుకున్నవాళ్లున్నారు, గంట కూర్చోబెట్టి కాదన్నవాళ్లూ ఉన్నారు.

ఎన్నాళ్లు ఎదురుచూడాలో ఆ గదిలోనే అడగాలి. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటే మన పిల్లలు "ఏం లేదు సార్" అని లేచి వచ్చేస్తారు. ఈసారి నువ్వలా లేవకు. "ఫలితం ఎప్పటిలోగా చెబుతారు సార్? ఆ తేదీ దాటితే ఎవరిని అడగమంటారు?" అను. తప్పుగా ఎవరూ అనుకోరు. పేరు, మెయిల్ ఐడీ అక్కడే రాసుకో. పైడిభీమవరం వాళ్లని నువ్వు అడగలేదు కాబట్టి ఇప్పుడు ఒక మెయిల్ పెట్టు. ఫలానా తేదీన క్యూసీ (నాణ్యత పరీక్షలు చేసే) పోస్టుకి ఇంటర్వ్యూకి వచ్చాను, ఫలితం ఎప్పటికి తెలియవచ్చో దయచేసి చెప్పగలరు, అంతే. నాలుగు వాక్యాలు దాటకూడదు. ఇంట్లో పరిస్థితులు, ఈ ఉద్యోగం నాకెంత అవసరమో, ఇవేవీ అందులో వద్దు. పెట్టాక ఇంకో వారం ఆగి, సోమవారం పొద్దున్న కాకుండా వేరే రోజు, టీ వేళ దాటాక ఒక్క ఫోన్ చెయ్యి. దానికీ జవాబు లేకపోతే ఆ కంపెనీని నోట్‌బుక్‌లో కింద రాసేసి పైన కొత్త పేరు రాసుకో. వాళ్లే పిలిస్తే అప్పుడు చూద్దాం.

ఫోన్ సంగతి కూడా ఒకటి. కంపెనీ కాల్స్ తరచు 040తో, 0891తో మొదలయ్యే నంబర్ల నుంచి వస్తాయి. నువ్వేమో తెలియని నంబరంటే కట్ చేస్తావు. ఈ నెల రోజులూ అలా చెయ్యకు. ఆఫర్ లెటర్లు స్పామ్‌లోకి పోయిన సందర్భాలు ఎన్నో చూశాను, రోజుకోసారి అందులోకీ తొంగిచూడు. స్కూల్లో నువ్వు పాఠం చెప్పే వేళ ఫోన్ మీ అమ్మ దగ్గర ఉంచితే, ఎవరు చేశారో, ఏ నంబరో రాసి ఉంచమని చెప్పు.

ఆ స్కూలు ఉద్యోగం చేతికి ఆఫర్ లెటర్ వచ్చేదాకా మానొద్దు. "సెలెక్ట్ అయినట్టేనమ్మా" అని ఎవరో నోటితో అన్నదాన్ని నమ్మి ఉన్నది వదులుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చి కూర్చునేవారు. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇక పరవాడ ఫార్మా సిటీలో నేరుగా వెళ్లి ఇచ్చే వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఆదివారమే కదా. శ్రీకాకుళం నుంచి వైజాగే వంద కిలోమీటర్ల పైన, పరవాడ గాజువాక దాటాక ఇంకా లోపలికి. తెల్లారుజామున ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పరుగెత్తి బస్సు పట్టుకుంటే వడిలిపోయి చేరతావు. శనివారమే గాజువాక పిన్ని ఇంటికి వెళ్లి పడుకో. చున్నీ రంగు గురించి మీ అక్కాచెల్లెళ్లు పడుతున్న గొడవ విన్నాను. ఉతికి ఇస్త్రీ చేసిన ఏ డ్రెస్సయినా చాలు.

కాగితాల దగ్గర మాత్రం జాగ్రత్త. టెన్త్ సర్టిఫికెట్‌లో నీ ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందని మీ అమ్మ ఎప్పుడో అంది. పుట్టిన తేదీ కూడా రెండింట్లో ఒకటేనా చూడు. ఎంపిక చేశాక వెరిఫికేషన్‌లో ఇక్కడే నెలలు పోతాయి. దాన్ని ఇప్పుడే సరిచేయించు. ఒరిజినల్స్ చూపించు, జిరాక్సులు ఇవ్వు. ఒరిజినల్స్ మా దగ్గర ఉంచుకుంటాం అంటే ఇవ్వొద్దు, ఎంత పెద్ద కంపెనీ అయినా సరే.

ప్రశ్నల విషయానికొస్తే, ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివిన ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ అంతా వాళ్లడగరు. ద్రావణం గాఢత చెప్పే మొలారిటీ, నార్మాలిటీ లెక్క ఒకటి కాగితం మీద చెయ్యమంటారు. మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ తప్పకుండా వస్తుంది. వాటిని విడదీసే గొట్టం, అంటే సీ18 కాలమ్‌లో ఏం ఉంటుంది, రివర్స్ ఫేజ్‌లో ఏది ముందు బయటికొస్తుంది అంటారు. నీటితో కలిసే పోలార్ పదార్థం ముందు, నూనెలా కలవని నాన్‌పోలార్ వెనక అని బట్టీ పట్టినట్టు చెబితే "ఎందుకు?" అంటారు. ఆ ఎందుకుకే మార్కులు. కాలమ్ నాన్‌పోలార్ కాబట్టి తనలాంటిదాన్ని పట్టి ఉంచుతుంది అని నీ మాటల్లో చెప్పు.

నేను పక్కన కూర్చున్న ఇంటర్వ్యూల్లో పిల్లల్ని ఎక్కువగా పడగొట్టిన ప్రశ్న మాత్రం కెమిస్ట్రీదే కాదు. "బరువు తూచి రిజిస్టర్‌లో తప్పు అంకె రాశావు. ఏం చేస్తావు?" అంటాడు రికార్డుల నాణ్యత చూసే క్యూఏ ఆయన. వైట్‌నర్ పెడతానని ఒకరు, పేజీ చింపి కొత్తది రాస్తానని ఒకరు. రెండింట్లో ఏది చెప్పినా ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. పాత అంకె కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ వెయ్యాలి. మందుల తయారీలో రాసిందేదీ మాయం కాకూడదు. ఇది ముందే తెలిసిన పిల్ల అంటే వాళ్లకి సగం ట్రైనింగ్ తప్పినట్టు.

రాని ప్రశ్నకి "తెలియదు సార్, నేర్చుకుంటాను" అను. నీ ఇంగ్లీషు ఆగితే "తెలుగులో చెప్పొచ్చా సార్?" అని అడిగెయ్. ల్యాబ్‌లో వాళ్లూ తెలుగే మాట్లాడుకుంటారు. మన సిక్కోలు యాస దాచాలని కష్టపడకు, ఆ కష్టంలో జవాబు మర్చిపోతావు. షిఫ్టులు చెయ్యగలవా అంటే అక్కడికక్కడ "ఎస్ సార్" అనేసి, ఇంటికొచ్చి మీ నాన్నగారితో గొడవ పడొద్దు. రాత్రి షిఫ్టు విషయం వెళ్లేముందే ఇంట్లో తేల్చుకో. కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుందో, రాత్రి ఇంటికి ఎలా దింపుతారో వాళ్లనే అడుగు.

రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, గేట్ పాస్ అని ఎవరు డబ్బు అడిగినా అది ఉద్యోగం కాదు. ఎవరికైనా డబ్బు పంపేస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. మీ స్నేహితురాళ్లకీ చెప్పు.

జీతం దగ్గర సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు అంకె చూసి మురిసిపోకు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా అందులోనే కలిపి చూపిస్తారు. నీ వైపు నుంచి బేసిక్‌లో, అంటే మూల జీతంలో, 12 శాతం పీఎఫ్ పోతుంది, అంటే బేసిక్ 10,000 అయితే 1,200. జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ అనే ఆరోగ్య బీమాకి 0.75 శాతం కూడా పోతుంది. దాంతో ఆసుపత్రి ఖర్చు కలిసొస్తుంది కాబట్టి దానికి ఏడవక్కర్లేదు. "చేతికి ఎంత వస్తుంది?" అని సూటిగా అడుగు. బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేది సంతకానికి ముందే తెలియాలి.

ఇంకో తలనొప్పి చుట్టాలు. "ఏటమ్మా, పిల్లకి ఉద్యోగం అయిపోనాదేటి?" అని వీధిలో ప్రతివాళ్లూ అడుగుతున్నారని మీ అమ్మ బాధ. ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టు వాళ్లకి చెప్పింది కూడా మీ అమ్మేననుకో. అరసవల్లి మొక్కు మొక్కుకోమను, వీధికి చెప్పడం మాత్రం ఆపమను. మీ నాన్నగారు రోజూ అడగకుండా నేను మాట్లాడతాను, వారానికోసారి అడగడానికి ఒప్పిస్తాను.

ఆదివారం అయిపోగానే ఫోన్ చెయ్యి. ఏం అడిగారో మర్చిపోకముందే బస్సులో కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకో, అవే ప్రశ్నలు ఇంకోచోటా వస్తాయి. ఎవరిదైనా ఆఫర్ లెటర్ వస్తే సంతకం పెట్టకముందే అన్ని పేజీలూ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. చివరి పేజీలో చిన్న అక్షరాలున్న చోటు మరీ దగ్గరగా తియ్యి, నా కళ్లజోడు పాతదైపోయింది.

మీ మావయ్య